పెక్కా పుస్కా, ఉత్తర కరేలియా ప్రాజెక్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

పెక్కా పుస్కా ఎవరు?

ఫిన్లాండ్‌కు చెందిన వైద్యుడు, ప్రజారోగ్య నిపుణుడు, ఆ దేశ పార్లమెంటులో రెండు విడతలు సభ్యుడిగా ఉన్న రాజకీయ నాయకుడు. 1945 డిసెంబరు 18న పశ్చిమ తీరంలోని వాసా పట్టణంలో పుట్టారు. తుర్కు విశ్వవిద్యాలయంలో వైద్యంతో పాటు సామాజిక శాస్త్రాలు కూడా చదివారు. ఈ రెండో చదువు చాలామంది వదిలేసే వివరం, కానీ ఆయన పనితీరు అర్థం కావాలంటే అదే కీలకం.

1972లో, 26 ఏళ్ల వయసులో, గుండె జబ్బు మరణాలు తగ్గించడానికి మొదలైన ఉత్తర కరేలియా ప్రాజెక్టుకు సారథి అయ్యారు. 1997లో ప్రాజెక్టు ముగిసేదాకా ఆ బాధ్యత ఆయనదే. మధ్యలో 1987 నుంచి 1991 దాకా సెంటర్ పార్టీ ఎంపీ. 2001–2003లో జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థలో అసాంక్రమిక (ఒకరి నుంచి ఒకరికి అంటని) వ్యాధుల నివారణ విభాగానికి డైరెక్టర్. 2003లో స్వదేశానికి తిరిగొచ్చి జాతీయ ప్రజారోగ్య సంస్థకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. 2009లో ఆ సంస్థను మరో పరిశోధనా సంస్థతో కలిపి జాతీయ ఆరోగ్య సంక్షేమ సంస్థగా మార్చినప్పుడు దానికీ 2013 వరకు ఆయనే అధిపతి. 2017–2019లో మళ్లీ ఎంపీ.

ఉత్తర కరేలియాలో అంత పెద్ద సమస్య ఏమొచ్చింది?

ఉత్తర కరేలియా ఫిన్లాండ్ తూర్పు అంచున, అప్పటి సోవియట్ సరిహద్దును ఆనుకుని ఉన్న ప్రాంతం. ముఖ్య పట్టణం యొయెన్సూ. 1970ల మొదట్లో జనాభా సుమారు 1,80,000. అడవులు, సరస్సులు, పాడి పశువులున్న చిన్న కమతాలు. మగవాళ్లలో చాలామందికి అడవిలో కలప కొట్టే పని, పొలం పని. ఒళ్లు వంచి కష్టపడేవాళ్లే. అయినా యాభై దాటకముందే గుండెపోటుతో పోతుండేవారు.

అమెరికన్ శాస్త్రవేత్త అన్సెల్ కీస్ నడిపిన ఏడు దేశాల అధ్యయనం ఈ సంగతిని ప్రపంచం ముందు పెట్టింది. ఆయనతో ఫిన్లాండ్ వైపు నుంచి మార్తి కర్వొనెన్ పనిచేశారు. ఇటలీ, గ్రీస్, జపాన్ వంటి చోట్లతో పోల్చి చూస్తే తూర్పు ఫిన్లాండ్ మగవాళ్లలో గుండె జబ్బు మరణాలు అన్నిటికంటే ఎక్కువ. 1969–71లో ఉత్తర కరేలియాలో 35–64 ఏళ్ల మగవాళ్లలో ఏటా లక్షకు 672 మంది హృద్రోగంతో చనిపోయేవారు.

కారణాలు పళ్లెంలోనూ జేబులోనూ కనబడతాయి. రొట్టె మీద వెన్న మందంగా రాసుకునేవారు. తాగేది వెన్న తీయని పాలు. వంట కూడా వెన్నతోనే, నూనె వాడే ఇళ్లు నూటికి రెండు కూడా సరిగ్గా లేవు. చలికాలం పొడుగు కాబట్టి చేపను, మాంసాన్ని ఉప్పులో నిల్వ చేసేవారు. రోజుకు మనిషికి ఉప్పు 14 గ్రాముల దాకా పడేది. కూరగాయలంటే పశువుల మేత అన్న చూపు ఉండేది. మగవాళ్లలో సగానికి పైగా, 52 శాతం, సిగరెట్ కాల్చేవారు.

ప్రాజెక్టును ప్రభుత్వం మొదలుపెట్టిందా?

జనమే అడిగారు. 1971 జనవరిలో ప్రాంత గవర్నర్ ఎసా తిమొనెన్, అక్కడి ఎంపీలు, స్థానిక సంఘాల ప్రతినిధులు కలిసి ఒక వినతిపత్రం మీద సంతకాలు చేసి జాతీయ ప్రభుత్వానికి పంపారు. మా మనుషులు వయసులో ఉండగానే పోతున్నారు, ఏదో ఒకటి చేయండి అన్నది దాని సారం. ఆ కాగితం ఉండబట్టే తర్వాత ఊళ్లలో తలుపులు తెరుచుకున్నాయని మా అభిప్రాయం. ఎక్కడో హెల్సింకి నుంచి నిపుణులు వచ్చి మీ తిండి బాగాలేదంటే ఎవరు వింటారు? ఇక్కడ పిలిచింది వాళ్లే.

ఇంకో కలిసొచ్చిన సంగతి: 1972లోనే ఫిన్లాండ్‌లో ప్రజారోగ్య చట్టం అమలులోకి వచ్చింది. ప్రతి మునిసిపాలిటీకి ఆరోగ్య కేంద్రం, అందులో నర్సులు ఏర్పడుతున్న రోజులవి. ప్రాజెక్టు వేరే ఆసుపత్రి కట్టలేదు, ఆ కేంద్రాల్లోనే కలిసిపోయింది.

మొదటి అడుగు ఏమిటి?

కొలవడం. 1972 వసంతంలో, ఏ కార్యక్రమమూ మొదలుకాక ముందే, 1913–1947 మధ్య పుట్టినవాళ్లలో 6.6 శాతం మందిని యాదృచ్ఛికంగా ఎంపిక చేసి పిలిచారు. ఉత్తర కరేలియాలో ఒక సర్వే, పక్కనే ఉన్న కువొపియో ప్రాంతంలో పోలిక కోసం అలాంటిదే ఇంకొకటి. రక్తపోటు, రక్తంలో కొలెస్ట్రాల్, ఎత్తు, బరువు, పొగ అలవాటు, తిండి అలవాట్లు నమోదు చేశారు. పిలిచినవాళ్లలో 90 శాతానికి పైగా వచ్చారు. ఇదే సర్వేను అయిదేళ్లకోసారి కొత్త నమూనాతో మళ్లీ చేస్తూ వచ్చారు. దీనికి తోడు గుండెపోట్లకు, పక్షవాతానికి ప్రత్యేక రిజిస్టర్లు పెట్టారు.

ఇలాంటి కార్యక్రమాలు ఎక్కువగా చతికిలపడేది ఈ మెట్టు దగ్గరే. ప్రచారం మొదలుపెట్టాక కొలతలు తీస్తే ఎక్కడి నుంచి బయల్దేరామో ఎప్పటికీ తెలియదు. పోల్చడానికి ఇంకో ప్రాంతం లేకపోతే వచ్చిన మార్పు మన వల్లా, కాలం వల్లా అన్నది తేలదు.

ప్రమాదం ఎక్కువున్నవాళ్లను వెతికి మందులిస్తే సరిపోయేది కదా?

ఈ ప్రశ్న వైద్యుడికి సహజంగా తట్టేదే. కానీ 1972లో ఉత్తర కరేలియా మగవాళ్ల సగటు కొలెస్ట్రాల్ లీటరుకు 6.9 మిల్లీమోల్‌లు. మన ల్యాబు రిపోర్టుల లెక్కలో అది సుమారు 267. సగటే అంత ఉంటే ఎవరిని వేరుచేసి చికిత్స చేస్తారు? పైగా మరణాల్లో ఎక్కువ భాగం అతి ప్రమాదమున్న కొద్దిమందిలో జరగవు, ఓ మోస్తరు ప్రమాదమున్న చాలామందిలో జరుగుతాయి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు ఇంకా రాని కాలం అది.

అందుకే లక్ష్యాన్ని మూడుకు కుదించారు: పొగాకు, కొలెస్ట్రాల్, రక్తపోటు. ఈ మూడూ ఊరందరిలోనూ కొంచెం కొంచెం తగ్గాలి. దీనికి మందుల చీటీ చాలదు. అంగట్లో ఏం దొరుకుతుంది, స్కూల్లో ఏం వడ్డిస్తారు, పాలకు ధర ఎలా కడతారు అన్నవి మారాలి. పుస్కా సామాజిక శాస్త్రాల చదువు పనికొచ్చింది ఇక్కడే.

ఊళ్లలో పని ఎలా నడిచింది?

ఒకేసారి చాలా దారుల్లో.

ఆరోగ్య కేంద్రాల్లో నర్సులకు శిక్షణ ఇచ్చారు. ఏ పని మీద వచ్చినవాళ్లకైనా రక్తపోటు చూడడం, ఎక్కువున్నవాళ్ల పేర్లు రిజిస్టరులో రాయడం, చెప్పిన తేదీకి రాకపోతే మళ్లీ పిలిపించడం వాళ్ల బాధ్యత. రక్తపోటుతో ఇబ్బంది ఏమిటంటే బాధ తెలియదు. ఒకసారి మందు రాసిస్తే నెల తర్వాత మానేస్తారు. మళ్లీ పిలిచే పద్ధతి లేకపోతే మిగతాదంతా వృథా.

ఇళ్లలోకి వెళ్లే దారి చూపించింది మార్తా సంఘం. ఫిన్లాండ్ గృహిణుల పాత సంఘమది, ఊరూరా శాఖలున్నాయి. వాళ్లతో కలిసి మధ్యాహ్నం పూట వంటల సమావేశాలు పెట్టారు, 'దీర్ఘాయుష్షు విందు' అన్న పేరుతో. ఉపన్యాసం కొంచెమే, వంట ఎక్కువ. అక్కడివాళ్లకు ప్రాణమైన కరేలియా మాంసం కూరనే తీసుకుని, కొవ్వున్న ముక్కలు తగ్గించి దుంపలు, క్యారెట్లు పెంచి, ఉప్పు తగ్గించి వండి అందరికీ వడ్డించేవారు. కొత్త వంటకం తెచ్చి రుద్దలేదు. తెలిసిన వంటలోనే పాళ్లు మార్చారు. తిన్నవాళ్లు రుచి పోలేదని ఒప్పుకుంటే ఇంటికెళ్లి వండుతారు.

మూడోది ఊరి పెద్దమనుషులు. పదవిలో ఉన్నవాళ్లు కాదు, నలుగురూ మాట వినే మామూలు మనుషులు: కొట్టు నడిపేవారు, ఏదో ఒక సంఘంలో చురుగ్గా ఉన్నవారు. ఇలాంటివాళ్లను సుమారు 800 మందిని ఎంచి, శనాదివారాల్లో చిన్న శిక్షణ ఇచ్చి పంపారు. మాటల మధ్యలో విషయం కదపడమే వాళ్ల పని. ఊళ్ల మధ్య కొలెస్ట్రాల్ తగ్గించే పోటీలు కూడా పెట్టారు. ఏ ఊరి సగటు ఎక్కువ తగ్గితే ఆ ఊరికి బహుమతి.

నాలుగోది వ్యాపారం. స్థానిక మాంసం కంపెనీ సాసేజిలో (తరిగిన మాంసం కూరి చేసే తిండి) కొవ్వు, ఉప్పు తగ్గించి కొంత పుట్టగొడుగు కలిపింది. బేకరీలు రొట్టెలో ఉప్పు తగ్గించాయి. డెయిరీలు కొవ్వు తక్కువ పాలను అమ్మకానికి పెట్టాయి. కొనేవాడికి మంచిది ఎంచుకోమని చెప్పడం తేలిక, కానీ కొట్లో అది లేకపోతే ఆ సలహా గాలిలో కలిసిపోతుంది.

టీవీలో కూడా కనబడేవారట, నిజమేనా?

నిజమే. 1978 నుంచి ఫిన్లాండ్ జాతీయ టీవీలో 'ఆరోగ్యానికి తాళంచెవులు' అన్న అర్థం వచ్చే పేరుతో వరుస కార్యక్రమాలు వచ్చాయి. సిగరెట్ మానాలనుకున్న కొందరు మామూలు మనుషులు స్టూడియోలో కూర్చుని వారం వారం ఎలా గడిచిందో చెప్పేవారు. పుస్కా పక్కన ఉండి మాట్లాడించేవారు. చూసేవాళ్లు ఇంట్లో కూర్చుని వాళ్లతో పాటు మానడానికి ప్రయత్నించేవారు. దీని నుంచే 'మాను, గెలువు' అన్న పోటీ పుట్టి తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. నిర్ణీత నాలుగు వారాలు పొగ తాగకుండా ఉన్నవాళ్ల పేర్లు చీటీలు వేసి బహుమతి ఇస్తారు.

వెన్న మానమంటే పాడి రైతులు ఊరుకున్నారా?

ఊరుకోలేదు. ఉత్తర కరేలియా బతుకు పాల మీద. వెన్న ప్రమాదమంటే అది వాళ్ల ఆదాయం మీద దెబ్బ. పుస్కా చేరిన సెంటర్ పార్టీ పుట్టుకే రైతు పార్టీగా. 1965 దాకా దాని పేరు వ్యవసాయదారుల సంఘం. వెన్న తగ్గించమన్న డాక్టరు రైతుల పార్టీ టికెట్ మీద, పాడి ప్రాంతం నుంచి ఎంపీగా గెలవడం ఫిన్లాండ్ రాజకీయాల్లో తేలికైన సంగతి కాదు.

గొడవను దాటించింది వాదన కాదు, ప్రత్యామ్నాయ ఆదాయం. ఉత్తర కరేలియాలో బెర్రీ పండ్లు బాగా పండుతాయి. వాటి సాగుకు, ప్రాసెసింగుకు, అమ్మకానికి ప్రత్యేక కార్యక్రమం నడిపి కొందరు పాడి రైతులను అటు మళ్లించారు. ఇంకో వైపు ఫిన్లాండ్ చలికి తట్టుకునే ఆవజాతి నూనె గింజల రకాలు అభివృద్ధి అయ్యాయి. ఆ నూనెలో సంతృప్త కొవ్వు (కొలెస్ట్రాల్ పెంచే రకం) నూటికి 7 పాళ్లే, వెన్నలో 50 పాళ్లు. దేశంలోనే పండే నూనె కాబట్టి దాన్ని వాడమంటే రైతులకు వ్యతిరేకంగా మాట్లాడినట్టు కాదు.

విధానాలూ కదిలాయి. వెన్నలో నూనె కలిపి అమ్మడాన్ని అడ్డుకునే పాత నిబంధన సడలింది. పాలకు కొవ్వు శాతాన్ని బట్టి కాక ప్రోటీన్‌కు విలువ ఇచ్చేలా ధర కట్టడం వచ్చింది. కొవ్వుకే డబ్బిస్తే రైతు కొవ్వే పెంచుతాడు, ఆ కొవ్వు ఎక్కడో ఒకచోట జనం కడుపులోకి వెళ్లాల్సిందే. మా దృష్టిలో మొత్తం ఉత్తర కరేలియా కథలో ఎక్కువ అధ్యయనం చేయవలసినది ఈ పాల ధర విషయమే. వంటల సమావేశాల ఫొటోలకు వచ్చిన ప్రచారంలో పదో వంతు కూడా దీనికి రాలేదు.

ఒక విషయం స్పష్టంగా: ఫిన్లాండ్‌లో వెన్నను ఎప్పుడూ నిషేధించలేదు.

పొగాకు, ఉప్పు విషయంలో చట్టాలు ఏమన్నాయి?

పొగాకు చట్టం 1976లో ఆమోదం పొంది మరుసటి ఏడాది అమలైంది. ప్రకటనల నిషేధం, బహిరంగ ప్రదేశాల్లో ఆంక్షలు, 16 ఏళ్లలోపు వారికి అమ్మకూడదన్న నియమం అందులో ఉన్నాయి. 1995లో పని స్థలాలు పొగరహితం అయ్యాయి, వయసు పరిమితి 18కి పెరిగింది. 2007లో హోటళ్లు, బార్లు. 2010లో సవరించిన చట్టం పొగాకు వాడకాన్ని అంతం చేయడమే లక్ష్యమని రాసుకుంది. అప్పటికి ఏ దేశమూ చట్టంలో అలా రాయలేదు. 2012 నుంచి దుకాణాల్లో సిగరెట్ పెట్టెలు బయటికి కనబడేలా పెట్టకూడదు.

ఉప్పు దారి వేరు. 1993 నుంచి ఉప్పు ఎక్కువుండే ఆహార రకాల మీద శాతం ముద్రించడం తప్పనిసరి. అప్పటి నిబంధన ప్రకారం రొట్టెలో 1.3 శాతం, సాసేజిలో 1.8 శాతం దాటితే 'ఉప్పు ఎక్కువ' అని రాయాల్సి వచ్చేది. ఆ ముద్ర పడడం ఇష్టం లేక కంపెనీలు తామే తగ్గించుకున్నాయి. ఉప్పును ఒక్కసారిగా తగ్గిస్తే నాలుక పట్టేస్తుంది, కొనడం మానేస్తారు. ఏడాదికి కొంచెం చొప్పున తగ్గిస్తే ఎవరూ గమనించరు. 14 గ్రాముల నుంచి 9 గ్రాములకు రావడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది.

ఫలితాలు ఎలా ఉన్నాయి?

మగవాళ్లలో 1972 నుంచి 2007 నాటికి: పొగ తాగేవారు 52 శాతం నుంచి 31కి, సగటు కొలెస్ట్రాల్ 6.9 నుంచి 5.4కి (మన లెక్కలో 267 నుంచి 209కి), సగటు రక్తపోటు 149/92 నుంచి 138/83కి. ఒకప్పుడు పదిమందిలో తొమ్మిదిమంది రొట్టెకు వెన్న రాసేవారు, తర్వాత అలాంటివాళ్లు అరుదయ్యారు. సుమారు సగం ఇళ్లలో వంటకు నూనె వచ్చింది.

35–64 ఏళ్ల మగవాళ్లలో హృద్రోగ మరణాలు లక్షకు 672 నుంచి 2006 నాటికి 103కి పడిపోయాయి. 85 శాతం తగ్గుదల అని అందరూ చెప్పేది ఇదే. మగవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు కూడా బాగా తగ్గాయి.

ఆడవాళ్ల సంగతి అడగకుండా ఈ అంకెలు పూర్తికావు. వాళ్ల కొలెస్ట్రాల్, రక్తపోటు మగవాళ్లకంటే ఇంకా బాగా తగ్గాయి. కానీ సిగరెట్ తాగే ఆడవాళ్లు 10 శాతం నుంచి 18కి పెరిగారు.

ఆ 85 శాతమంతా ప్రాజెక్టు ఘనతేనా?

కాదు. అలా రాసే వ్యాసాలు చాలా ఉన్నాయి గనక ఈ జవాబు కాస్త నింపాదిగా చదవండి.

పోలిక కోసం పెట్టుకున్న కువొపియోలో కూడా మరణాలు గట్టిగానే తగ్గాయి. మొదటి అయిదేళ్లలో ఉత్తర కరేలియా ముందుంది. 1977 తర్వాత పని దేశమంతటికీ విస్తరించాక రెండు ప్రాంతాల గీతలు దగ్గరపడ్డాయి. విమర్శకులు దీన్నే పట్టుకున్నారు: కార్యక్రమం లేని చోటా తగ్గిందంటే ఇక కార్యక్రమం చేసిందేమిటి? సమర్థించేవారి జవాబు: టీవీకి, చట్టాలకు, పాల ధరకు జిల్లా సరిహద్దులుండవు, ఉత్తర కరేలియా మొదలుపెట్టినది పక్కకు పారింది. రెండింటిలోనూ నిజముంది. శాస్త్ర ప్రయోగంగా చూస్తే పోలిక ప్రాంతం కలుషితం కావడం లోపం. ప్రజారోగ్యంగా చూస్తే అలా వ్యాపించడమే కోరుకున్నది.

ప్రాజెక్టుతో సంబంధం లేని మార్పులు కూడా ఉన్నాయి. ఫిన్లాండ్ జనం మరిగించిన కాఫీ నుంచి ఫిల్టర్ కాఫీకి మారారు. మరిగించిన కాఫీలోని కొన్ని నూనె పదార్థాలు కొలెస్ట్రాల్‌ను పెంచుతాయి, కాగితపు ఫిల్టర్ వాటిని ఆపేస్తుంది. జనం పల్లెల నుంచి పట్టణాలకు వెళ్లారు, ఆదాయాలు పెరిగాయి, శీతాకాలంలోనూ కూరగాయలు దొరకసాగాయి.

మరి చికిత్స వాటా ఎంత? 1982–1997 మధ్య ఫిన్లాండ్‌లో హృద్రోగ మరణాల తగ్గుదల మీద చేసిన ఒక విశ్లేషణలో కొలెస్ట్రాల్, పొగ, రక్తపోటు వంటి ప్రమాద కారణాలు తగ్గడం వల్ల కనీసం 53 శాతం, మందులు, శస్త్రచికిత్సల వల్ల సుమారు 23 శాతం అని తేలింది. తర్వాతి కాలంలో చికిత్స వాటా పెరిగింది. ఊరంతటి అలవాట్లు మారడమే పెద్ద భాగమని నమ్మడానికి ఈ అంకెలు చాలు. ఒక మనిషి, ఒక ప్రాజెక్టు అంతా చేశారనడానికి చాలవు. ఈ పని పుస్కా ఒక్కరిది కూడా కాదు: యాక్కో తువొమిలెహ్తో, ఎర్క్కి వర్తియాయినెన్, అవులిక్కి నిస్సినెన్ వంటి పరిశోధకులు దశాబ్దాలు దీని మీద పనిచేశారు.

ఇలాంటి ప్రాజెక్టులే అమెరికాలో ఎందుకు తేలిపోయాయి?

స్టాన్‌ఫర్డ్, మిన్నెసోటా, పాటకెట్‌లలో 1980ల్లో పెద్ద సముదాయ కార్యక్రమాలు నడిచాయి. పోలిక పట్టణాలతో చూస్తే తేడా స్వల్పమే. అప్పటికే అమెరికా అంతటా పొగ, కొలెస్ట్రాల్ తగ్గుతున్నాయి కాబట్టి అదనంగా చూపించడానికి పెద్దగా మిగల్లేదు. కొన్నేళ్ల గ్రాంటు అయిపోగానే పని ఆగింది. ఉత్తర కరేలియాలో పాతికేళ్లు సాగింది. అన్నిటికంటే ముఖ్యంగా, వాటికి ఆహార కంపెనీలనూ చట్టాలనూ కదిలించే అధికారం లేదు.

రాజకీయాల్లోకి ఎందుకు వెళ్లారు? ఎంపీగా ఉన్న కాలం ఎలాంటిది?

పై జవాబులు చదివితే సగం తెలిసిపోతుంది. పొగాకు చట్టం, పాల ధర, ఉప్పు లేబుళ్లు క్లినిక్కులో కుదిరే పనులు కావు. 1987 ఎన్నికల్లో ఉత్తర కరేలియా నియోజకవర్గం నుంచి గెలిచారు. అయితే ఆ నాలుగేళ్లు సెంటర్ పార్టీ ప్రతిపక్షంలో ఉంది. హర్రి హొల్కెరి నాయకత్వంలో సంప్రదాయవాదులు, సోషల్ డెమోక్రాట్లు కలిసి ప్రభుత్వం నడిపారు. 1991లో సెంటర్ పార్టీ గెలిచి ఎస్కో ఆహో ప్రధాని అయ్యే వేళకు పుస్కా పార్లమెంటు నుంచి బయటికొచ్చారు. మంత్రి పదవి ఎప్పుడూ చేపట్టలేదు. దేశ ఆరోగ్యం మీద ఆయన ముద్ర ఎక్కువగా పడింది సభలో కంటే ప్రజారోగ్య సంస్థల అధిపతిగానే.

2017లో ఎన్నికలే లేవు కదా, మళ్లీ ఎంపీ ఎలా అయ్యారు?

ఫిన్లాండ్‌లో ఉప ఎన్నికలు ఉండవు. 200 సీట్ల పార్లమెంటుకు దామాషా పద్ధతిలో ఎన్నిక జరుగుతుంది. ఓటరు ఒక అభ్యర్థికి ఓటేస్తాడు, ఆ ఓటు ముందు పార్టీ ఖాతాలో పడుతుంది. పార్టీకి వచ్చిన సీట్లు ఎక్కువ సొంత ఓట్లు తెచ్చుకున్నవారికి వరసగా దక్కుతాయి. గెలిచినవారిలో ఎవరైనా తప్పుకుంటే అదే జాబితాలో తర్వాతివారు వస్తారు. 2015లో సెంటర్ పార్టీ తరఫున హెల్సింకి నుంచి గెలిచిన ఒల్లి రెన్ ఫిన్లాండ్ కేంద్ర బ్యాంకులో పదవి తీసుకుని సభను వదిలారు. ఆ స్థానంలోకి పుస్కా వచ్చారు, 71 ఏళ్ల వయసులో.

ఈసారి ఆయన పార్టీ అధికారంలో ఉంది, ప్రధాని యుహా సిపిలా. ఆ కాలంలో సభను ఊపేసింది ఆరోగ్య, సామాజిక సేవల సంస్కరణ. మునిసిపాలిటీల చేతిలో ఉన్న వైద్య సేవలను పెద్ద ప్రాంతాలకు అప్పగించాలన్నది ఆలోచన. ప్రైవేటు సంస్థలను ఎంచుకునే వెసులుబాటు ఎంత ఉండాలన్న చోట, రాజ్యాంగ అభ్యంతరాల దగ్గర చిక్కుకుని అది ముందుకు కదల్లేదు. 2019 మార్చి 8న సిపిలా రాజీనామా చేశారు. సంస్కరణ చివరకు తర్వాతి ప్రభుత్వ కాలంలో 2021లో చట్టమై, 2023 జనవరి 1 నుంచి 21 సంక్షేమ ప్రాంతాలుగా అమలులోకి వచ్చింది.

ఫిన్లాండ్‌లో వైద్యులు రాజకీయాల్లోకి రావడం మామూలేనా?

కొత్తేమీ కాదు. పిల్లల మానసిక వైద్యురాలు వప్పు తైపలె 1980ల మొదట్లో మంత్రిగా చేశారు. ఆమె భర్త, మానసిక వైద్యుడు ఇల్క్కా తైపలె కూడా ఎంపీ. వైద్యురాలు పైవి రసనెన్ 2011–2015లో హోంమంత్రి. హెల్సింకి విశ్వవిద్యాలయ ఆసుపత్రి వ్యవస్థకు అధిపతిగా ఉన్న అకి లిండెన్ 2019లో ఎంపీ అయి, తర్వాత కొంతకాలం మంత్రిగా ఉన్నారు.

ఇందులో తెలుగు ప్రాంతాలకు పనికొచ్చేది ఉందా?

ఉంది. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు 1,80,000 జనాభాలో, ఎవరు ఏ కారణంతో చనిపోతున్నారో ఇంటింటికీ వెళ్లి నమోదు చేశారు. మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే, అంటువ్యాధులకంటే ఎక్కువ. అది పట్నాల జబ్బన్న నమ్మకం ఆ లెక్కతో పోయింది. జనాభా కూడా నాటి ఉత్తర కరేలియాతో సమానం కావడం వల్ల రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

అయితే పాఠాన్ని ఉన్నదున్నట్టు దించితే తప్పవుతుంది. వాళ్ల శత్రువు వెన్న. మన దగ్గర వెన్న, నెయ్యి మోతాదు చాలా ఇళ్లలో తక్కువే. ముందు చూడాల్సింది పామాయిల్. అందులో సంతృప్త కొవ్వు నూటికి 50 పాళ్ల దరిదాపు, దాదాపు వెన్నంత. వేరుశనగ నూనెలో 17, నువ్వుల నూనెలో 14, పొద్దుతిరుగుడు నూనెలో 10 చొప్పున ఉంటాయి. పామాయిల్ చవక కాబట్టి కొంటారు, అందువల్ల ఇది సలహా కంటే ధరకూ సరఫరాకూ సంబంధించిన సంగతి. ఉప్పు వాళ్లకు రొట్టె, సాసేజి నుంచి వస్తే మనకు ఊరగాయ, వడియాలు, అప్పడాలు, వంటలో వేసేదాని నుంచి వస్తుంది. కంపెనీ మీద లేబుల్ పెట్టి దాన్ని తగ్గించలేం, వండే చెయ్యి మారాలి. ఇక్కడ మార్తా సంఘం చేసిన పనికి మన డ్వాక్రా సంఘాలు సరిగ్గా సరిపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాములలోపు, అంటే ఒక చిన్న చెంచా.

పొగ విషయంలో సిగరెట్ కంటే బీడీ, చుట్ట, గుట్కా ముందుంటాయి. మనవాళ్లలో చక్కెర జబ్బు వాళ్లకంటే చాలా చిన్న వయసులో వస్తుంది కాబట్టి మూడు లక్ష్యాల పక్కన నాలుగోదిగా దాన్నీ చేర్చుకోవాలి.

ప్రాజెక్టు ముగిశాక ఉత్తర కరేలియాలో పరిస్థితి ఏమిటి?

అయిదేళ్ల సర్వేలు ఆగలేదు, అవే హెచ్చరిక కూడా ఇచ్చాయి. 2007–2012 మధ్య ఫిన్లాండ్‌లో కొలెస్ట్రాల్ తగ్గడం ఆగి కొంచెం పైకి లేచింది. పిండి పదార్థాలు మాని కొవ్వు తినమనే ఆహార పద్ధతులు ప్రచారంలోకి వచ్చి, వెన్న మళ్లీ వంటింట్లోకి రావడం దానికి ఒక కారణం. 1972తో పోలిస్తే మగవాళ్లలో ఊబకాయం పెరిగింది. దేశం మొత్తంలో చూస్తే తూర్పు ఫిన్లాండ్‌లో గుండె జబ్బు మరణాలు పశ్చిమం కంటే ఇప్పటికీ ఎక్కువే. అంతరం మాత్రం 1970ల నాటి కంటే బాగా తగ్గింది.